నెత్తురు రాని నోరు

బహ్రెయిన్ దేశపు తుబ్లీలోని ఆ పళ్ళ ఆసుపత్రిలో డాక్టరు ఒక్కడే గాని, తెలుగువాళ్ళ లెక్కలో ఇద్దరు. మొదటివాడు మిస్రీ డాక్టరు, అంటే ఈజిప్టు దేశస్థుడు, చదువును పటం కట్టించి గోడకు వేలాడదీసుకున్నవాడు. రెండో డాక్టరు బేబి. ఆవిడ చదువు పాయకరావుపేట దగ్గరి పల్లెలో రెండో తరగతితో ఆగిపోయింది. ఆసుపత్రిలో ఆవిడ పని నేల తుడవడం, ఉమ్మి పళ్ళాలు కడగడం, పీకిన పళ్ళు పారెయ్యడం. అయినా సోమవారం సోమవారం అస్కర్ క్యాంపు నుంచి కంపెనీ బస్సులో దిగే తెలుగు కూలీలకు తమ నోట్లో ఏముందో తెలియాలంటే ఆవిడ నోరు తెరవాలి.

ఇదంతా అరబ్బీ మహిమ. బేబి బహ్రెయిన్‌కి వచ్చిన కొత్తలో అరాద్‌లో తన కఫీల్ ఇంట్లో, అంటే వీసా ఇచ్చిన యజమాని ఇంట్లో, ఎనిమిదేళ్ళు వంట చేసి, పిల్లల ముడ్లు కడిగి, తిట్లు తిని ఆ భాష నేర్చుకుంది. ఆసుపత్రి కఫీల్ తమ్ముడిది. ఆయాగా ఇక్కడికి మార్చాక తెలిసింది ఆవిడ విలువ. డాక్టరుకు హిందీ రాదు. కూలీలకు ఇంగ్లీషు రాదు, అరబ్బీలో యల్లా అంటే పద, ఖలాస్ అంటే అయిపోయింది, ఈ రెండూ తప్ప మూడో మాట రాదు. మధ్యలో బేబి. తొంభై అయిదో సంవత్సరం నాటికి ఆవిణ్ణి క్యాంపులో డాక్టరమ్మ అనేవారు. నోరారా పిలిచేవారు కొందరు, నొసటితో వెక్కిరిస్తూ పిలిచేవారు కొందరు. ఆవిడకు రెండూ ఒకటే, పిలిస్తే చాలు.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. బేబి నోరు మంచిది కాదు. వరండాలో బెంచీల మీద పాతికమంది కూర్చుని ఉంటే తలుపు తీసి, చీటీలో పేరుందని తెలిసీ పేరు పెట్టి పిలిచేది కాదు. "పాసిపళ్ళోడెవుడ్రా? లే" అనేది. "గుహనోరూ, రా లోపలికి" అనేది. పిలిపించుకున్నవాడు తప్ప మిగతావాళ్ళందరూ నవ్వేవారు. లోపలికెళ్ళి వచ్చాక వాడు కూడా తరవాతివాణ్ణి చూసి నవ్వేవాడు. ఎవరూ ఎదురు మాట్లాడరు. లోపల సూదీ పట్టకారూ ఉన్నాయి, వాటికి ఆవిడే దుబాసీ.

ఆవిడకు సొంత వైద్యశాస్త్రం కూడా ఉంది. నెత్తురు కారే చిగురు కుళ్ళిన చిగురు, నెత్తురు రానిది గట్టి చిగురు, అంతే. రుజువు ఆవిడ నోరే. నలభై ఆరేళ్ళు వచ్చాయి, ఉమ్మిలో ఒక్క ఎర్రచుక్క చూసి ఎరగదు. దానికి కారణం అడ్డపొగ అని ఆవిడ నమ్మకం. వాళ్ళ వైపు ఆడవాళ్ళు మగాళ్ళలా చుట్ట కాల్చరు, నిప్పున్న కొసను నోటిలోపల పెట్టుకుని కాలుస్తారు. గాలికి ఆరిపోదు, రెండు చేతులా నాట్లు వేసుకుంటూ తాగొచ్చు. దేశం మారినా బేబి ఆ అలవాటు మార్చుకోలేదు. ఊరి నుంచి ఎవరు వచ్చినా ఒక కట్ట తెచ్చి ఇవ్వాల్సిందే. నీడో పాలడబ్బాలో దాచుకుని, ఆసుపత్రి వెనక నీళ్ళ ట్యాంకు మెట్ల మీద మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి కాల్చేది. దూరం నుంచి చూసేవాళ్ళకు బుగ్గ ఉబ్బిన ఆడమనిషి కనబడుతుంది గాని చుట్ట కనబడదు.

కనబడితే మాత్రం పని ఊడినట్టే. డాక్టరుకు పొగ అంటే ఒళ్ళు మంట. గేటు దగ్గర సిగరెట్టు కాల్చిన డ్రైవర్ని ఒక్కరోజులో పంపించేశాడు. బేబిని పంపిస్తే ఊరికి పంపరు, అరాద్ వంటింటికే పంపుతారు. ఇక్కడ డాక్టరమ్మ అక్కడ మళ్ళీ "యల్లా, బేబీ!" అనగానే పరిగెత్తాలి. అంతకన్నా చావడం నయమని ఆవిడ ఉద్దేశం.

ఆ ఏప్రిల్‌లో వచ్చాడు లింగన్న. జగిత్యాల అవతలి పల్లెవాడు, ముప్ఫై రెండేళ్ళు. అస్కర్‌లో కాంట్రాక్టరు దగ్గర మూడేళ్ళు ఇనుప సామాన్ మోసి, ఈమధ్యే క్రేను దగ్గర విజిల్ మనిషి అయ్యాడు. క్రేను నడిపేవాడికి బరువు ఎక్కడ దిగుతోందో కనబడదు. విజిల్ మనిషి కింద నిలబడి రెండు చేతులతో సైగలు చెయ్యాలి, ప్రమాదమైతే ఊదాలి. చేతులు ఖాళీ ఉండవు కాబట్టి విజిల్‌ను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ముందరి పళ్ళ మధ్య కరిచి పట్టుకోవాలి. ఎండ తప్పదు గాని వీపు మీద మోత తప్పింది. రాజపదవి దొరికినట్టు మురిసిపోయాడు లింగన్న. రెండు నెలలు తిరక్కుండానే కింది ముందరి పళ్ళు నాలుగూ కదలడం మొదలుపెట్టాయి. కొరికితే నెత్తురు, ఊదితే పోటు. పళ్ళు ఊడితే విజిల్ ఇంకొకడికి ఇస్తారు, తను మళ్ళీ మోతకు పోవాలి. అతని గుండెల్లో ఉన్న బెంగ అది ఒక్కటే.

"కంపునోరు ఎవుడ్రా?" అంది బేబి తలుపు తీసి.

"వీడే అక్కా, వీడే!" అని లింగన్నను ముందుకు తోశాడు లక్ష్మణ్. అతను లింగన్న ఊరివాడే, ఒకే గదిలో ఉంటాడు. బెంచీలన్నీ ఘొల్లుమన్నాయి. లింగన్న మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని లోపలికి నడిచాడు.

డాక్టరు నోట్లో అద్దం పెట్టి చూశాడు. తరవాత గీతలున్న సన్నటి పుల్ల తీసుకుని, ఒక్కో పంటి చుట్టూ చిగురు అంచులోకి దింపుతూ అంకెలు చెప్పసాగాడు. ఫిలిప్పీనీ నర్సు రాసుకుంటోంది. పుల్ల ఎంత లోతుకు దిగితే అంత అంకె. రెండూ మూడూ అయితే మంచి చిగురు, అయిదు దాటితే రోగం. చూసి చూసి బేబికి కూడా ఆ లెక్క వచ్చేసింది. దవడ పళ్ళకు నాలుగు, అయిదు అన్నాడు. ముందరి నాలుగింటికి వచ్చేసరికి ఏడు, ఎనిమిది, ఏడు, ఎనిమిది అన్నాడు. పుల్ల పెట్టిన ప్రతిచోటా నెత్తురు పొంగింది. పొగ తాగుతాడేమో అడగమన్నాడు.

"నేను బీడి సుత ముట్టలే అక్కా," అన్నాడు లింగన్న. "ఏమంటుండు సారు? నా పండ్లు ఉంటయా, ఊసిపోతయా? గదొక్కటి అడుగు."

డాక్టరు చాలాసేపు చెప్పాడు. బేబి అంతా విని, నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"సూడు బావు. పళ్ళకీ సిగుళ్ళకీ మజ్జిన గోతులు పడిపోనాయి. గోతుల నిండా గార. నాలుగు మార్లు మందిచ్చి గీకుతాడంట. ముందరి నాలుగు పళ్ళూ మూడు నెలలు సూస్తాడు. సిగురు బిగిసిందా, ఉంటాయి. బిగవనేదా, పీకెస్తాడు. మెత్తటి బురుసుతో రెండు పూటలా తోముకోవాల. నెత్తురొచ్చినా మానకూడదంట."

చివరి మాట ఆవిడకే నచ్చలేదు. నెత్తురు కారుతుంటే ఇంకా గీకమంటాడేమిటి ఈ మనిషి అనుకుంది. కానీ ఆ రోజుకు చెప్పింది చెప్పినట్టే చెప్పింది. ఆవిడ ఖాతాలో పుణ్యమేమైనా ఉంటే అదొక్కటే, రాసిపెట్టుకోండి.

మొదటిసారి గీకించుకుని క్యాంపుకు వెళ్ళిన లింగన్న డాక్టరు మాట జవదాటలేదు. పొద్దున్నే కుళాయి దగ్గర నిలబడి మెత్తటి బ్రష్షుతో తోముకున్నాడు. తొట్టిలో ఎర్రగా పారింది. పక్కన మొహం కడుక్కుంటున్నవాళ్ళు ఎగిరి అవతల పడ్డారు. ఆ రాత్రికే గదిలో పంచాయితీ జరిగింది. ఇది పళ్ళ జబ్బు కాదని, ఏదో పెద్ద రోగమని, అందరికీ అంటుతుందని తీర్మానమైంది. తీర్పు చెప్పినవాడు లక్ష్మణే. లింగన్న మంచాన్ని తలుపు దగ్గరికి జరిపారు. అతని కంచాన్ని, గ్లాసును తీసి బూట్లు పెట్టే అరలో పెట్టారు. మూడేళ్ళు ఒకే పళ్ళెంలో అన్నం తిన్నవాళ్ళు అతను కూర వడ్డించుకోవడానికి గరిటె ముట్టబోతే "ఆగు, మేమేస్తం" అన్నారు. అతను తిన్న కంచం తనే కడిగి బూట్ల పక్కన పెట్టుకున్నాడు.

తరవాతి సోమవారం తన వంతు రాకముందే ఆసుపత్రి వెనక్కి వెళ్ళాడు. బేబి మెట్ల మీద కూర్చుని ఉంది. బుగ్గ ఉబ్బి ఉంది, ముక్కులోంచి పొగ వస్తోంది. ఇద్దరూ ఒకర్నొకరు చూసి అదిరిపడ్డారు. ముందు తేరుకున్నది బేబి.

"ఏటలగ సూస్తన్నావు? ఎవులితోనైనా సెప్పినావంటే పళ్ళు కాదు, నాలికే ఊడిపోద్ది."

"నేనెవ్వలికి చెప్త అక్కా," అని లింగన్న ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "బురుష్ పెడితే సాలు, నెత్తురు కారవట్టె. మా రూమోళ్ళు నన్ను దర్వాజ కాడ పండవెట్టిన్రు. బువ్వ సుత ఏరే పెడుతున్నరు. ఈ నెత్తురు ఆగేటట్టు ఏమన్న మందు చెప్పు, నీ కాళ్ళు మొక్కుత."

డాక్టరుకే చెప్పుకోవచ్చు గదా అనవచ్చు. చెప్పుకోవాలన్నా నోరు బేబిదే గదా. అదీగాక ఒక మనిషి కాళ్ళ దగ్గర కూర్చుని మందడిగితే లేదనే పాటి వైరాగ్యం ఆవిడకు లేదు. చుట్ట తీసి పక్కన పెట్టి నోరు బార్లా తెరిచింది. బొటనవేలితో చిగుళ్ళను ఈ చివర నుంచి ఆ చివర దాకా గట్టిగా నొక్కి చూపించింది.

"సూసినావా? నెత్తురేదీ? ముప్పయ్యేళ్ళ నుంచి తాగతన్నాను. మిస్రీ వోడికేటి తెలుసు? నెత్తురాగాలంటే దీన్ని మించిన మందు నేదు."

రోగి కోరిందీ వైద్యుడిచ్చిందీ ఒకటే అయింది. నీడో డబ్బాలోంచి పది చుట్టలు తీసి ఇచ్చింది. ఒకటి ముట్టించి, నిప్పు కొస లోపలికి ఎలా పెట్టుకోవాలో చూపించింది. లింగన్న మొదటిసారి పెట్టుకోగానే నాలిక చుర్రుమని కాలింది. రెండోసారి అంగిలి కాలింది. కళ్ళంట నీళ్ళు కారుతుంటే చుట్ట ఊసేసి గంతులు వేశాడు. బేబి పొట్ట పట్టుకుని నవ్వింది. మళ్ళీ పెట్టమంది, మళ్ళీ కాలింది, మళ్ళీ నవ్వింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

అబద్ధం చెప్పాలని చెప్పలేదు ఆవిడ, ఆ మాట ఒప్పుకోవాలి. నిజంగానే నమ్మింది. కానీ నమ్మి మందిచ్చినంత మాత్రాన ఒకడి నాలిక కాలుతుంటే అంత నవ్వు రావాల్సిన పని లేదు. అదేదో ఆవిడ పుట్టుకలోనే ఉంది.

"సోమారం పొద్దుట మాత్రం ముట్టకు. లవంగం నమిలి రా," అని హెచ్చరించింది. "డాక్టరుకి వాసనొచ్చిందంటే నీకు వైద్యం ఆపెస్తాడు."

పది రోజుల్లో నెత్తురు ఆగిపోయింది. లింగన్న తొట్టిలో ఉమ్మి, వంగి చూసుకుని, మళ్ళీ ఉమ్మి చూసుకున్నాడు. తెల్లగా ఉంది. గదివాళ్ళు కూడా వచ్చి చూశారు. కంపు పూర్తిగా పోలేదు గాని పొగ వాసనలో కలిసిపోయింది. పొగ కంపు అందరికీ ఉన్నదే కాబట్టి దాని మీద ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. మంచం మళ్ళీ లోపలికి జరిగింది, కంచం బూట్ల అరలోంచి పైకి వచ్చింది. లక్ష్మణ్ తనే స్వయంగా కూర వడ్డించి, "నేను ముందే చెప్పిన, ఏం కాదని," అన్నాడు.

లింగన్నకు బేబి దేవత అయిపోయింది. ప్రతి సోమవారం వెనక మెట్ల దగ్గరికి వెళ్ళి వారానికి సరిపడా చుట్టలు తెచ్చుకునేవాడు. బ్రష్షు సంగతి అడిగితే, "నెత్తురు రాని నోటికి బురుసెందుకు? గీకి గీకి పుండు సేసుకోకు," అంది ఆవిడ. బ్రష్షు మూలన పడింది. రెండో గీకుడూ, మూడోదీ, నాలుగోదీ అయిపోయాయి. డాక్టరు లోతులు కొలవలేదు. మానడానికి టైం పడుతుంది, మూడు నెలలకు గాని పుల్ల దింపకూడదు అన్నాడు. పళ్ళు కదలడం తగ్గలేదు. కొంచెం ఎక్కువైనట్టు కూడా లింగన్నకు ఒకటి రెండుసార్లు అనిపించింది. నెత్తురే లేనప్పుడు ఇంకేం భయం అని తనకు తనే చెప్పుకుని, విజిల్‌ను నాలుకతో ఆసరా పట్టి పని గడిపేశాడు.

జులైలో మూడు నెలలూ నిండాయి. ఆ సోమవారం లింగన్న శుభ్రంగా గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. తలుపు దగ్గర బేబిని చూసి నవ్వాడు.

"ఒక్క సుక్క లేదు అక్కా. ఇయ్యాల సారు ఖుష్ అయితడు. విజిల్ పని నాకే పక్కా చేస్తనన్నడు మా ఫోర్మెన్."

"నా సెయ్యి అలగటిది," అంది బేబి.

కుర్చీ వెనక్కి వాలింది. దీపం మొహం మీదికి వచ్చింది. డాక్టరు అతని తల వెనక కూర్చుని పుల్ల తీసుకున్నాడు. దవడ పళ్ళకు అయిదు, ఆరు అన్నాడు. గొంతులో ఉత్సాహం తగ్గింది. ముందరి పళ్ళ దగ్గర ఎనిమిది అన్నాడు. తొమ్మిది అన్నాడు. మళ్ళీ పెట్టి చూసి మళ్ళీ తొమ్మిది అన్నాడు. నర్సు రాయడం ఆపి తలెత్తింది. నాలుగు పళ్ళనూ వేలితో ఒత్తితే నాలుగూ ముందుకూ వెనక్కూ ఊగాయి. అంత లోతుకు పుల్ల దిగినా ఎక్కడా నెత్తురు చుక్క రాలేదు.

డాక్టరు పుల్ల పక్కన పెట్టాడు.

"బేబీ, ఇది పొగ తాగేవాడి నోటిలా ఉంది," అన్నాడు అరబ్బీలో. "పొగ నెత్తురును ఆపుతుంది, రోగాన్ని ఆపదు. పైకి చిగురు గట్టిగా కనబడుతుంది, లోపల ఎముక కరిగిపోతూ ఉంటుంది. నెత్తురొస్తే మనిషి భయపడి మన దగ్గరికి వస్తాడు. రాకపోతే పన్ను చేతిలోకి ఊడి వచ్చేదాకా రాడు. మొదట్లో తాగనన్నాడు. ఇప్పుడు మళ్ళీ అడుగు. తాగుతుంటే ఈరోజే మానమను. మానేస్తే ఇంకో మూడు నెలలు ఆగుతాను, ఈ పళ్ళు నిలబడే అవకాశం ఉంది. తాగనివాడైతే ఇక నేను చేసేదేమీ లేదు. ఇప్పుడే తీసెయ్యాలి, లేకపోతే పక్కవి కూడా పోతాయి."

ఆ మాటలు విన్నాక బేబికి మొదట గుర్తొచ్చింది లింగన్న కాదు. నాలిక దానంతటదే పై దవడలో ఎడమవైపు చివరి పంటి దగ్గరికి పోయింది. తోసింది. పన్ను కదిలింది. అది కదులుతోందని ఏడాది నుంచీ తెలుసు, పట్టించుకోలేదు. దాని పక్కదాన్ని తోసింది. అదీ కదిలింది. ముప్పయ్యేళ్ళుగా ఊరందరికీ తెరిచి చూపించిన నోరు లోపల గుల్లయిపోయిందని అప్పుడు తెలిసింది. ఆవిడకు భయం వేసింది.

ఆ తరవాత గుర్తొచ్చాడు లింగన్న. తాగుతున్నావా అని అడిగితే దాచడు. అమాయకపు వెధవ, "అక్కే ఇచ్చింది" అని ఆవిడ వైపు వేలు చూపిస్తాడు. అందరి ముందూ చేతులు జోడించి దండం కూడా పెడతాడు. అది అర్థం కావడానికి డాక్టరుకు తెలుగు రావక్కర్లేదు. రేపటికల్లా అరాద్. మళ్ళీ ఆ గిన్నెలు, ఆ పిల్లలు, ఆ "యల్లా, బేబీ!"

ఒక్క మాట చెబితే ఒక మనిషి పళ్ళు నిలుస్తాయి. ఆ సంగతి ఆవిడకు స్పష్టంగా తెలుసు. ఇప్పుడిక తెలియక చేసిందనడానికి లేదు.

బేబి లింగన్న మొహం మీదికి వంగింది.

"నొప్పేటైనా ఉందేటి, బావు?" అని అడిగింది.

నోరు తెరుచుకుని ఉన్న లింగన్న సంతోషంగా తలను అడ్డంగా ఊపాడు. ఒకసారి కాదు, డాక్టరు సంతోషించాలని మూడు నాలుగుసార్లు గట్టిగా ఊపాడు.

"లా?" అన్నాడు డాక్టరు, లేదంటున్నాడా అని.

"లా," అంది బేబి. "ముట్టను కూడా ముట్టడంట. క్యాంపు గదిలో అందరూ కాలుస్తారు, ఆ వాసన బట్టలకు పట్టి ఉంటుంది."

డాక్టరు నిట్టూర్చి నర్సుకు చెయ్యి చాపాడు. నర్సు సూది ఇచ్చింది. పళ్ళెంలో పట్టకారు పెట్టింది. ఆ చప్పుడుకు లింగన్న తల తిప్పి చూసి, లేచి కూర్చోబోయాడు.

"అక్కా, గదేంది? పట్టకారెందుకు? మూన్నెల్లాయె గద, నెత్తురు రాలే గద! పీకద్దని చెప్పు అక్కా, నీకు దండం పెడత. ముంగటి పండ్లు పోతే ఇగ నేను విజిల్ ఎట్ల పట్టాలె? నన్ను మళ్ళ మోతకే ఏస్తరు. సారుకు చెప్పక్కా!"

అతనేమంటున్నాడని డాక్టరు అడిగాడు.

"భయపడుతున్నాడు," అంది బేబి. "అందరూ భయపడతారు గదా."

లింగన్న భుజాలను రెండు చేతులతో పట్టి కుర్చీకి అదిమింది. చేతుల్లో బలం ఉన్న మనిషి, అరాద్‌లో బస్తాలు ఎత్తింది. "సెప్పినాను, బావు. ఇనట్నేదు. కదలకు, సూది ఇరిగిపోద్ది."

అతను కదలడం మానేశాడు. సూది దిగింది. పళ్ళు తీయడానికి పెద్ద కష్టం కూడా కాలేదు. పంటి వేర్ల చుట్టూ ఎముక అంతగా మిగల్లేదు, ఒక్కోదాన్ని పట్టకారు పట్టి అటూ ఇటూ తిప్పితే వచ్చేసింది. నాలుగు పళ్ళూ పళ్ళెంలో పడ్డాయి. అప్పుడు మాత్రం నెత్తురు వచ్చింది. లింగన్న దాన్ని చూశాడు, పళ్ళనూ చూశాడు, తరవాత పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు. కంటి చివరల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి.

డాక్టరు దూదివుండ పెట్టి కొరికి పట్టమన్నాడు. చేతి తొడుగులు తీసేసి, స్టూలు ముందుకు జరుపుకుని, లింగన్న భుజం మీద చెయ్యి వేశాడు. కోపిష్ఠి మనిషి, రోగుల మీద చెయ్యి వెయ్యడం బేబి అంతవరకూ చూడలేదు.

"ఇతనికి చెప్పు," అన్నాడు. "ఇందులో తప్పు ఇతనిది కాదు. చెప్పినవన్నీ చేశాడు, ఒక్క సోమవారం కూడా మానలేదు. కొందరి శరీరం అంతే, వైద్యానికి లొంగదు. మనసు కష్టపెట్టుకోవద్దని చెప్పు."

తప్పు తనది కాదంటే మరి ఎవరిదని అడుగుతాడు. ఈరోజు కాకపోతే రేపు, క్యాంపులో కూర్చుని ఆలోచించుకుంటాడు. బేబికి ఆ లెక్క చెయ్యడానికి రెండు క్షణాలు కూడా పట్టలేదు.

"నీదే తప్పంటన్నాడు," అంది లింగన్నతో. "సెప్పింది సెప్పినట్టు సెయ్యనేదంట. సేసుంటే పళ్ళు నిలబడిపోయేవంట."

లింగన్న కళ్ళు మూసుకున్నాడు. భుజం మీది డాక్టరు చెయ్యి అలాగే ఉంది. ఆ చెయ్యి తనను తిడుతున్న మనిషిదే అనుకుని లింగన్న సిగ్గుతో కొంచెం ముడుచుకున్నాడు. దూదివుండను బుగ్గలోకి తోసుకుని, మొద్దుబారిన పెదవులతో ముద్దముద్దగా మాట్లాడాడు.

"నిజమే అక్కా. నాదే తప్పు. పోయిన నెల రొండు దినాలు సుట్టలు అయిపోయినయి, తాగలే. నీకు చెప్తే తిడుతవని చెప్పలే." అతను కళ్ళు తెరిచి ఆవిడ మొహంలోకి చూశాడు. "గందుకేనా అక్కా?"

ఏమంటున్నాడని డాక్టరు మళ్ళీ అడిగాడు.

"షుక్రన్ అంటున్నాడు," అంది బేబి డాక్టరుతో, కృతజ్ఞతలు చెబుతున్నాడన్నట్టు.

తరవాత లింగన్న వైపు తిరిగింది.

"అందుకే," అంది.